పిచర్‌ను మార్చింది ఎవరు? మేజర్ లీగ్ బేస్‌బాల్ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ గారికి, ముప్పై జట్ల బేస్‌బాల్ ఆపరేషన్స్ విభాగాల అధిపతులకు, మేనేజర్లకు

ఆర్యులారా,

సియాటిల్ పరిసరాల్లోని బెల్‌వ్యూ, రెడ్మండ్, సమామిష్, బోథెల్ ఊళ్లలో స్థిరపడి, మారినర్స్‌ను సొంత జట్టుగా చేసుకున్న కొన్ని తెలుగు కుటుంబాల తరఫున ఈ లేఖ రాస్తున్నాం. మీ ఆట మాకు ఈ కొత్త ఊళ్లో పలకరించే నలుగురిని ఇచ్చింది, అందుకు కృతజ్ఞులం. ఇదే విషయమై ఇదివరకు సంబంధిత కార్యాలయానికి ఒక ఉత్తరం రాసుకున్నాం. మా అభిమానానికి ధన్యవాదాలు తెలుపుతూ, సీజన్ టికెట్ల వివరాలు జతచేసిన సమాధానం ఒకటి వచ్చింది. అడిగినదానికి మాత్రం అందులో జవాబు లేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాం. ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపించి, తెలుగు ప్రతిని మాతోపాటు ఆట చూసే తెలుగువారి కోసం ఇక్కడ ఉంచుతున్నాం.

మా ఫిర్యాదు ఒక్కటే. కీలక సమయంలో పిచర్‌ను, అంటే బంతి వేసేవాడిని, మార్చాలన్న నిర్ణయం ఎవరిదో, దాన్ని ఏ లెక్క మీద తీసుకున్నారో ఆట చూసేవారికి తెలియడం లేదు. ఓడిన రాత్రి మైకుల ముందు, మైదానంలో జట్టును నడిపించే మేనేజర్ ఒక్కరే కూర్చుంటారు. ఆ మేనేజర్ చేతికి ఆటకు ముందే కాగితాలు అందించిన విశ్లేషకులు గానీ, వారిని నియమించిన అధిపతులు గానీ ఆ గదిలో కనిపించరు.

కొత్తగా చూస్తున్నవారి కోసం రెండు మాటలు. క్రికెట్లో కెప్టెన్ ఒక బౌలర్‌ను పక్కన పెట్టినా నాలుగు ఓవర్ల తరువాత మళ్లీ పిలవవచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి ఆట నుంచి తప్పించిన పిచర్‌ను ఆ రోజుకు మళ్లీ దించే వీలు లేదు. పైగా 2020 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, కొత్తగా వచ్చిన రిలీవర్, అంటే మధ్యలో బంతి అందుకున్న పిచర్, కనీసం ముగ్గురు బ్యాటర్లకు బంతులు వేయాలి, లేదా ఆ అర ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) అయినా ముగియాలి. అంటే మేనేజర్ గీత దాటి మైదానంలోకి వచ్చి, రిలీవర్లు సిద్ధమయ్యే బుల్‌పెన్ వైపు చెయ్యి చూపిన క్షణంలో జరిగినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అభిమానులు మిగతా నిర్ణయాల కంటే దీని గురించే ఎక్కువగా వాదించుకోవడానికి కారణం ఇదే.

2025 అక్టోబర్ 20న టొరంటోలో జరిగిన అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ ఏడవ ఆటను ఉదాహరణగా తీసుకుంటున్నాం. 1977లో పుట్టిన మారినర్స్ జట్టు అప్పటివరకు ఒక్కసారి కూడా, ఆ ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టు వెళ్లే తుది పోరైన వరల్డ్ సిరీస్ ఆడలేదు. 2001లో 116 ఆటలు గెలిచిన జట్టు కూడా అక్కడికి చేరలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో, ఆ రాత్రి ఏడవ ఇన్నింగ్స్‌లో మా జట్టు 3-1 ఆధిక్యంలో ఉంది. మా పిచర్ బ్రయాన్ వూ ఒక వాక్ (నాలుగు తప్పు బంతులకు ఉచితంగా దక్కే బేస్), ఒక సింగిల్ (ఒక బేస్ తెచ్చిపెట్టే హిట్) ఇచ్చాడు. ఆపై టొరంటో బంట్ వేసి (బంతిని మెల్లగా తట్టి), ఒక అవుట్ వదులుకుని, ఇద్దరినీ రెండు, మూడు బేస్‌లకు చేర్చింది. వరల్డ్ సిరీస్‌కు ఇంకా ఎనిమిది అవుట్ల దూరం. ఆటను ముగించడానికి చివర్లో వచ్చే జట్టు క్లోజర్ ఆండ్రెస్ మున్యోస్ బుల్‌పెన్‌లో ఉన్నాడు. మేనేజర్ డాన్ విల్సన్ మరో రిలీవర్ ఎడ్వర్డ్ బజార్డోను పిలిచారు. టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. టొరంటో 4-3తో గెలిచింది.

ఆ సోమవారం దీపావళి. ఇక్కడ సాయంత్రం ఏడు దగ్గర పడుతున్న సమయం. గుమ్మాల్లో ప్రమిదలు వెలుగుతున్నాయి, లోపల టీవీలు మోగుతున్నాయి, పిల్లలు చేతిలో కాకరపువ్వొత్తులతో గుమ్మానికీ సోఫాకీ మధ్య తిరుగుతున్నారు. స్ప్రింగర్ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటాక మా ఇళ్లలో మొదలైన వాదన నెలలు గడిచినా ఆగలేదు.

ఆ వాదనలో రెండు పక్షాల మాటలోనూ పస ఉందని ఒప్పుకోవాలి. బజార్డో ఆ ఏడాది పొడవునా ఇలాంటి ఇరుకు సందర్భాల్లోనే జట్టును గట్టెక్కించాడని, ఎనిమిది అవుట్ల బరువును మున్యోస్ ఒక్కడి మీద మోపలేమని, అతణ్ణి అప్పుడే వాడేస్తే తొమ్మిదవ ఇన్నింగ్స్ ఎవరు వేస్తారని ఒక పక్షం అడుగుతుంది. నేల మీద దొర్లే బంతి వల్ల కూడా పరుగు రాగల ఆ స్థితిలో కావలసింది బంతి మైదానంలోకి రాకుండానే బ్యాటర్‌ను అవుట్ చేసే స్ట్రైకౌట్ అని, ఆటలో అత్యంత ప్రమాదకరమైన ఘడియ ఏడవ ఇన్నింగ్స్‌లోనే వచ్చినప్పుడు అత్యుత్తమ పిచర్ అప్పుడే రావాలని, తొమ్మిదవ ఇన్నింగ్స్ సంగతి అది వచ్చాక చూసుకోవచ్చని రెండవ పక్షం అంటుంది. ఈ లేఖ రాస్తున్నవారిలో ఎక్కువమందిది రెండవ పక్షం. అయినా మున్యోస్ వచ్చి ఉంటే స్ప్రింగర్ కొట్టేవాడు కాదని మేం ప్రమాణం చేయలేం. మీకు ఫిర్యాదు చేస్తున్నది ఆ ఓటమి గురించి కాదు. ఏడవ ఇన్నింగ్స్‌లో స్ప్రింగర్‌కు ఎదురుగా ఎవరు రావాలన్నది ఆ క్షణాన మేనేజర్ కళ్లతో చూసి తేల్చినదా, మధ్యాహ్నమే కాగితం మీద తేలిపోయినదా అన్నది మాకు తెలియదు. ఏ జట్టు విషయంలోనూ తెలియదు.

ఫలితాన్ని బట్టి నిర్ణయానికి మార్కులు వేసే అలవాటు మాకూ ఉంది. 2007 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో చివరి ఓవర్‌ను జోగిందర్ శర్మకు ఇచ్చినందుకు ధోనీని ఇప్పటికీ మెచ్చుకుంటాం. మిస్బా వెనక్కి ఎగరేసిన ఆ బంతి శ్రీశాంత్ తల మీదుగా వెళ్లి ఉంటే అదే ధోనీని ఏమనేవాళ్లమో చెప్పనక్కరలేదు. మీ ఆటలో ఈ అన్యాయం మరీ స్పష్టంగా కనిపించే జంట ఒకటి ఉంది. 2003 అక్టోబర్ 16న యాంకీ స్టేడియంలో ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో 5-2 ఆధిక్యంలో ఉన్నప్పుడు, బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ పిచర్ నిలబడే మౌండ్ దాకా వెళ్లి, పెడ్రో మార్టినెజ్‌తో మాట్లాడి, అతణ్ణే కొనసాగించి వెనుదిరిగారు. యాంకీస్ స్కోరు సమం చేసింది, పదకొండవ ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్‌తో గెలిచింది. లిటిల్ ఒప్పందాన్ని జట్టు పొడిగించలేదు. పదిహేడేళ్ల తరువాత, 2020 అక్టోబర్ 27న, వరల్డ్ సిరీస్ ఆరవ ఆటలో టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్ సరిగ్గా దానికి విరుద్ధంగా చేశారు. బ్లేక్ స్నెల్ అప్పటికి 73 బంతులే వేశాడు, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేశాడు, ఇచ్చినవి రెండు హిట్లు. తరువాత రావలసిన మూకీ బెట్స్, కోరీ సీగర్, జస్టిన్ టర్నర్ ముగ్గురూ ఆ రాత్రి అతనికి ఎదురైన ఆరుసార్లూ స్ట్రైకౌట్ అయ్యారు. జట్టు 1-0తో ముందుంది. అయినా స్నెల్‌ను తప్పించి నిక్ ఆండర్సన్‌ను దించారు. డాడ్జర్స్ ఆ ఇన్నింగ్స్‌లోనే ముందుకు దూసుకుపోయి, 3-1తో గెలిచి కప్పు పట్టుకెళ్లింది.

ఒకరు పిచర్‌ను ఉంచి తిట్లు తిన్నారు, ఒకరు మార్చి తిన్నారు. తేడా ఏమిటంటే లిటిల్ తీసుకున్నది కళ్లకు కనిపించిన నిర్ణయం. తప్పో ఒప్పో అది ఆయనదే. స్నెల్ విషయంలో మాత్రం, బ్యాటింగ్ వరుస మూడవసారి తిరిగి వస్తున్నప్పుడు స్టార్టర్‌ను (ఆట మొదలుపెట్టిన పిచర్‌ను) తప్పించాలనే సూత్రాన్ని జట్టు ఏడాదంతా పాటించిందని అందరికీ తెలుసు. ఆ సూత్రాన్ని రాసినవారిని మాత్రం ఆ రాత్రి ఎవరూ ప్రశ్నించలేదు. 2023 అక్టోబర్ 4న మినియాపొలిస్‌లో హోసే బెరియోస్‌ను పరుగు ఇవ్వకముందే, 47 బంతులకే తప్పించి టొరంటో 2-0తో ఓడినప్పుడు, అది మేనేజర్ ఆలోచనా, పైవారి పథకమా అన్న తగువు రోజుల తరబడి సాగింది. పిచర్‌ను మార్చింది ఎవరో జట్టు అభిమానులకే తెలియని పరిస్థితి మంచిదని మీరు అంటారా?

ఈ దాపరికం వల్ల సామాన్యులకు జరుగుతున్నది ఏమిటో కింద చెబుతున్నాం.

1. నింద చివరకు బంతి వేసినవాడి మీద, అతని ఇంటివారి మీద పడుతోంది. పథకం వేసినవారు కనిపించరు, మేనేజర్ అరగంటలో లేచి వెళ్లిపోతారు, హోమ్ రన్ ఇచ్చిన రిలీవర్ ముఖం మాత్రం ప్రతి ఫోనులోనూ తిరుగుతూనే ఉంటుంది. క్యాన్సర్‌ను జయించి మళ్లీ మైదానంలోకి వచ్చిన రెడ్ సాక్స్ రిలీవర్ లియమ్ హెండ్రిక్స్, తన భార్యకు ప్రాణభయం కలిగించే బెదిరింపులు వస్తున్నాయని, తాను ఆ జబ్బుతోనే పోయి ఉండవలసిందని కొందరు రాస్తున్నారని 2025 మే నెలలో బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. అదే నెలలో హ్యూస్టన్ పిచర్ లాన్స్ మెకల్లర్స్ పిల్లలను చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. పోలీసులు ఆరా తీస్తే అవి పంపింది విదేశంలో కూర్చుని పందెం కాసి డబ్బు పోగొట్టుకున్న మనిషి అని తేలింది. అభిమానుల్లో ఇలాంటివారు ఉన్నందుకు మేం సిగ్గుపడుతున్నాం, వారిని సమర్థించేది లేదు. కానీ ఎవరి నిర్ణయమో చెప్పకుండా ఎదురుగా కనిపించిన మనిషిని జనానికి వదిలేసే పద్ధతి ఈ కోపానికి ఆజ్యం పోస్తోంది.

2. రిలీవర్ల చేతులు అరిగిపోతున్నాయి, ఆ అరుగుదల ఏ లెక్కలోనూ లేదు. సియాటిల్ మైదానంలో ఎడమవైపు బుల్‌పెన్ కంచె పక్కన నిలబడితే చేతికందేంత దూరంలో రిలీవర్లు కనిపిస్తారు. ఫోను మోగుతుంది, కోచ్ వేలు చూపగానే ఒకరు జాకెట్ విప్పి లేస్తారు, క్యాచర్ గ్లవ్‌లో బంతి పడుతున్న చప్పుడు వెనుక వరుసల దాకా వినిపిస్తుంది. పదిహేను, ఇరవై బంతుల తరువాత మళ్లీ ఫోను. అతను జాకెట్ తొడుక్కుని కూర్చుంటాడు. ఇన్నింగ్స్ మారాక మళ్లీ లేస్తాడు. ఆ రాత్రి అతణ్ణి ఆటలోకి పిలవకపోతే స్కోరు పట్టికలో అతని పేరు కూడా ఉండదు. కాగితం ప్రకారం అతనికి ఆ రోజు విశ్రాంతి. మరునాడు అలసిన చేత్తో వచ్చి పరుగులిస్తే, నిన్న ఖాళీగా కూర్చున్నవాడికి ఇవాళ ఏమైందని మేం తిడతాం. 2024 డిసెంబర్‌లో మీరే విడుదల చేసిన నివేదిక, 2005లో 212గా ఉన్న పిచర్ల గాయాల నమోదు 2024 నాటికి 485కు చేరిందని, ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 91.3 మైళ్లు ఉండగా 2024లో 94.2కు పెరిగిందని చెప్పింది. ఒక్క ఇన్నింగ్స్ కోసం ఒళ్లంతా కూడగట్టుకుని విసిరే పిచర్లను వరుసగా దించే ఆటతీరుకూ ఈ అంకెలకూ సంబంధం లేదని ఎవరూ అనలేరు. తొమ్మిది, పదేళ్ల పిల్లలు రోజుకు 75 బంతులకు మించి వేయరాదని మార్గదర్శకాలు రాసినవారిలో మీరూ ఉన్నారు. మా పిల్లలు లిటిల్ లీగ్‌లో ఆ హద్దుల్లోనే ఆడుతున్నారు, కానీ టీవీలో చూసి అనుకరించేది మాత్రం మీ రిలీవర్లనే.

3. టికెట్ కొన్నవారు ఎవరిని చూడటానికి వచ్చారో వారిని చూడలేకపోతున్నారు. మీరు రేపటి ఆటకు స్టార్టర్ పేరును ముందే ప్రకటిస్తారు. ఆ పేరు చూసి సెలవు పెట్టి, పిల్లలను వెంటబెట్టుకుని, పార్కింగ్‌కూ తిండికీ కలిపి వారం వెచ్చాల సొమ్ము ఖర్చు పెట్టి వస్తాం. నాలుగవ ఇన్నింగ్స్‌లోనే అతను వెళ్లిపోతే, ఎందుకన్నది మా పక్క కుర్చీలోని పిల్లవాడికి చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండదు.

4. పందాల వ్యాపారం ఈ చీకటి మీదే బతుకుతోంది. ఫలానా రిలీవర్ ఇవాళ అందుబాటులో లేడన్న కబురు ముందుగా తెలిసినవాడికి లాభం, తెలియనివాడికి నష్టం. 2025 నవంబర్‌లో పందెగాళ్లతో కుమ్మక్కయ్యారని ఇద్దరు పిచర్ల మీద ప్రభుత్వం కేసు పెట్టగానే, ఒక్కొక్క పిచ్ మీద కాసే పందేన్ని 200 డాలర్లకు పరిమితం చేసేలా మీరు వెంటనే కదిలారు. తలచుకుంటే ఎంత త్వరగా చేయగలరో అప్పుడే చూశాం.

పై కారణాల వల్ల ఈ కింది కోరికలు మీ ముందు ఉంచుతున్నాం.

1. పోస్ట్‌సీజన్‌లో (సీజన్ తరువాత టైటిల్ కోసం జరిగే పోటీల్లో) ప్రతి ఆట ముగిశాక మేనేజర్‌తోపాటు బేస్‌బాల్ ఆపరేషన్స్ అధిపతి కూడా విలేకరుల ముందు కూర్చోవాలి. పిచర్ మార్పిడిలో ముందే వేసుకున్న పథకం ఏమిటో, మైదానంలో మారినది ఏమిటో ఇద్దరూ కలిసి చెప్పాలి. ప్రత్యర్థికి రహస్యాలు తెలిసిపోతాయన్న అభ్యంతరం మేం ఎరుగుదుం. సిరీస్ ఇంకా నడుస్తుంటే, అది ముగిసిన మరునాడు చెప్పినా చాలు. కానీ చెప్పాలి.

2. ఆ రోజు ఏ రిలీవర్లు అందుబాటులో లేరో ఆట ముగిసిన వెంటనే ప్రకటించాలి. మేం నాలుగు రోజుల స్కోరు పట్టికలు ముందేసుకుని, ఎవరు ఎన్ని బంతులు వేశారో లెక్కలు కట్టి ఊహించుకుంటున్న సంగతినే మీరు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. 2016 అక్టోబర్‌లో టొరంటోలో బాల్టిమోర్ పదకొండవ ఇన్నింగ్స్‌లో ఓడినప్పుడు, ఆ సీజన్‌లో 47 అవకాశాల్లో 47 సేవ్‌లు చేసిన, అంటే ప్రతిసారీ ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన, ఆ జట్టు క్లోజర్ జాక్ బ్రిటన్ ఎందుకు రాలేదన్న ప్రశ్న అభిమానులను ఇన్నేళ్లయినా వదలలేదు.

3. బుల్‌పెన్‌లో వేడెక్కడానికి ఎవరు ఎన్నిసార్లు లేచారో, ఎన్ని బంతులు విసిరారో అధికారిక స్కోరు పట్టికలో చేర్చాలి. మైదానంలో ప్రతి బంతి వేగాన్నీ, అది ఎన్నిసార్లు తిరిగిందో కూడా కొలిచే యంత్రాలు మీ దగ్గర ఉన్నాయి కనుక ఇది చేతకాని పని కాదు. మా కోరికలన్నిటిలో ఆటగాళ్లకు అన్నిటికంటే మేలు చేసేది ఇదేనని నమ్ముతున్నాం. ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.

4. స్టార్టర్లు ఎక్కువసేపు ఆడేలా నిబంధనలు మార్చాలన్న చర్చను బహిరంగంగా జరపాలి. జట్టులో పిచర్ల సంఖ్యను ఇప్పుడున్న 13 నుంచి తగ్గించాలని మాలో కొందరు, స్టార్టర్‌ను తప్పించిన జట్టు డిజిగ్నేటెడ్ హిట్టర్‌ను (పిచర్‌కు బదులు బ్యాటింగ్ చేసే ఆటగాణ్ణి) కూడా వదులుకోవాలని కొందరు అంటున్నారు. రెండవ పద్ధతిని 2021లో అట్లాంటిక్ లీగ్‌లో పరీక్షించి చూశారు. నిజం చెప్పాలంటే మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. అందుకే ఫలానా నిబంధన పెట్టండని కోరడం లేదు; పరీక్షల్లో తేలినదాన్ని మా ముందు పెట్టమని అడుగుతున్నాం.

5. నిబంధనలు మార్చే ఉమ్మడి కమిటీలో పదకొండు మంది ఉన్నారు: యజమానుల పక్షాన ఆరుగురు, ఆటగాళ్లు నలుగురు, ఒక అంపైర్. బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్‌ను తెచ్చింది, అంపైర్ బాల్, స్ట్రైక్ నిర్ణయాలను ఛాలెంజ్ చేసే పద్ధతిని ఆమోదించింది ఆ కమిటీయే. టికెట్ కొనేవారి తరఫున అందులో ఒక్కరూ లేరు. ఓటు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఏడాదికి ఒకసారి అభిమానుల వాదన వినే సమావేశం ఒకటి ఏర్పాటు చేయండి.

6. ఓటమి తరువాత ఏ పిచర్‌కైనా బెదిరింపులు వస్తే, ఆ నిర్ణయం జట్టుదని, బాధ్యత తమదని ఆ జట్టు అధిపతి తన పేరుతో ప్రకటించాలి. ఆ ఒక్క ప్రకటనతో బెదిరింపులు ఆగిపోతాయని మేం అనుకోవడం లేదు. కానీ ఆ పిచర్ ఇంట్లోవారికి తమ వెనుక ఎవరో ఉన్నారన్న ధైర్యం కలుగుతుంది.

ఆటగాళ్ల సంఘంతో మీకున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. కొత్త ఒప్పందంలో జీతాలు, ఆదాయపు పంపకాలే ముందు వరుసలో ఉంటాయని మాకు తెలుసు. బుల్‌పెన్ లెక్కలు, రిలీవర్ల అందుబాటు ఆటగాళ్ల ఆరోగ్యానికి సంబంధించినవి కనుక, రెండవ, మూడవ కోరికలను ఆ చర్చల్లోనే చేర్చవచ్చు. మొదటి కోరికకు ఏ ఒప్పందమూ అక్కరలేదు, కమిషనర్ గారి ఉత్తర్వు ఒక్కటి చాలు. ఈ ఏడాది పోస్ట్‌సీజన్ మొదలయ్యేలోగా ఆ ఉత్తర్వు జారీ చేయాలని కోరుతున్నాం. సంతకాలు చేసినవారి పేర్లు, చిరునామాలు ఇంగ్లీషు ప్రతికి జతచేశాం. జవాబును ఆ చిరునామాల్లో దేనికి పంపినా అందరం కలిసి చదువుకుంటాం. ఈసారి టికెట్ల వివరాలు జతచేయనక్కరలేదు, అవి మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
భవదీయులు,
సియాటిల్ పరిసరాల తెలుగు బేస్‌బాల్ అభిమానులు